సూపర్‌విజన్‌కి ఏం పట్టుకెళ్లాలి?

ప్రశ్న: ఎం.ఎస్సీ కౌన్సెలింగ్ సైకాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. వారానికి గంట సూపర్‌విజన్, అంటే నేను చేసిన కౌన్సెలింగ్ సెషన్ల గురించి సీనియర్ మేడమ్‌తో చర్చ. క్లయింట్ కథ చెప్పేసరికే 40 నిమిషాలు అయిపోతున్నాయి. చివర్లో మేడమ్ రెండు సలహాలిచ్చి పంపేస్తారు. నేనేం నేర్చుకుంటున్నట్టు?
– విద్యార్థిని, హన్మకొండ

జవాబు: కథ చెబితే మేడమ్‌కి తెలిసేది క్లయింట్ అత్తగారి సంగతులే. గదిలో మీరేం చేశారో తెలియదు. ఆవిడ దిద్దాల్సింది దాన్నే కదా!

50 నిమిషాల సెషన్‌లో ఒక ఐదు నిమిషాలు ఎంచుకోండి. బాగా నడిచిన భాగం వద్దు. మీరు తడబడిన చోటు, గడియారం వైపు చూసిన చోటు, క్లయింట్ ఉన్నట్టుండి ముభావంగా అయిపోయిన చోటు కావాలి. రికార్డింగ్ విని ‘ఊ’లు, మౌనాలతో సహా ఉన్నదున్నట్టు రాయండి. కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి: క్లయింట్ మాట, మీ మాట, ఆ క్షణాన మీ లోపల ఏమైందో, నాలుగోది మేడమ్ కోసం ఖాళీ. ఇదంతా రాయడానికి గంటైనా పడుతుంది. చాలామంది ఎగ్గొట్టేది అందుకే.

రాశాక మీరు వేసిన ప్రశ్నల్ని లెక్కపెట్టండి. “ఏం చేసినా మా అత్తగారికి నచ్చదు” అని ఆమె అంటే “మీ ఆయనతో మాట్లాడారా?” అని అడిగారనుకోండి, అది ప్రశ్న వేషంలో ఉన్న సలహా. “ఎంత చేసినా లెక్కలోకి రావట్లేదన్నమాట” అని ఆగి ఉంటే ఆమె ఇంకొంచెం లోపలికి వెళ్లేది.

కాగితం పైన ఒకే ప్రశ్న రాసుకెళ్లండి. “ఈ కేసు ఎలా నడపాలి?” అంటే మేడమ్ కూడా పాఠమే చెబుతారు. “ఆమె ఏడవగానే నేను మాట ఎందుకు మార్చాను?” అంటే పని మొదలవుతుంది.

రికార్డింగ్‌కి రాతపూర్వక అంగీకారం తప్పనిసరి: ఎవరు వింటారో, ఎప్పుడు చెరిపేస్తారో అందులో ఉండాలి. మైనరైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా. వద్దంటే బతిమాలకండి, సెషన్ అయిన అరగంటలోపు గుర్తున్నంత రాసుకోండి. ఆడియోని వాట్సాప్‌లో మాత్రం పంపొద్దు.

ప్రశ్న: నా సూపర్‌వైజర్‌కి తెలుగు రాదు. సెషన్ సారాంశం ఇంగ్లీషులో ఇస్తే చాలదా?
– ట్రైనీ, విశాఖపట్నం

జవాబు: చాలదు. క్లయింట్ మాటని తెలుగులోనే రాసి, కింద అర్థం రాయండి. “చచ్చిపోతే పీడా పోతుంది” అని మన ఇళ్లలో విసుగొచ్చినా అంటారు, నిజంగా ప్రాణం మీద ఆశ వదులుకున్నా అంటారు. మీరు దాన్ని ‘క్లయింట్ విసుగ్గా ఉన్నారు’ అని కుదించేస్తే, అవతలివారికి అనుమానించే అవకాశమే ఉండదు. గొంతు ఎలా ఉందో, ముందు వెనక ఏమన్నారో రాయండి. అసలు గదిలోనే “ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడగాలి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఎలా అనుకున్నారో, అది చేతికి అందేలా ఉందో (వ్యవసాయం ఇంట్లో పురుగుమందు డబ్బా సంగతి తప్పక అడగండి) తెలుసుకుని, క్లయింట్‌ని ఒంటరిగా పంపకుండా అక్కడినుంచే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయండి. క్లయింట్‌కి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా ఇవ్వండి.

ఇంగ్లీషులో జారిపోయేది ఇంకొకటుంది. మూడు వారాలు ‘మేడమ్’ అన్న క్లయింట్ ఒకరోజు ‘అక్కా’ అంటే, అది ఏ మాట దగ్గర జరిగిందో రాయండి.

ప్రశ్న: 15 ఏళ్ల అమ్మాయి, బాబాయి తనతో తప్పుగా ప్రవర్తించాడని చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది. గురువారం సూపర్‌విజన్ దాకా ఆగొచ్చా?
– స్కూల్ ఇంటర్న్, గుంటూరు

జవాబు: ఆగకూడదు. ఇవాళే సూపర్‌వైజర్‌కి చెప్పండి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలపాలి. ట్రైనీ అని మినహాయింపు లేదు. తెలపకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఎలా చెప్పాలన్నది సూపర్‌వైజర్‌తో తేల్చుకోవచ్చు, చెప్పాలా వద్దా అన్నది కాదు. ముందుగా ఆ అమ్మాయికే, ఎవరికి, ఎందుకు చెబుతున్నారో వివరించండి. అన్నట్టు, గోప్యతకి హద్దులున్నాయని మొదటి సెషన్‌లోనే చెప్పి ఉండాల్సింది.

ప్రశ్న: అమెరికాలో కౌన్సెలింగ్ మాస్టర్స్ చేస్తే ఎన్ని గంటలు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కేక్రెప్ (అక్కడ కౌన్సెలింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న కోర్సులో ప్రాక్టికమ్ (ఇంటర్న్‌షిప్‌కి ముందు చేసే తొలి శిక్షణ) 100 గంటలు, అందులో 40 క్లయింట్లతో నేరుగా, ఇంటర్న్‌షిప్ 600, అందులో 240 నేరుగా. లైసెన్సు లెక్క వేరు, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో డిగ్రీ తర్వాత సూపర్‌విజన్ కింద 3000 గంటలు, అందులో 1500 నేరుగా.