రందా మిషన్ ముట్టుకుంటే షాక్: ముందు ప్లగ్ విప్పి చూడండి

రందా మిషన్ (చెక్కను చిత్రిక పట్టేది) ముట్టుకుంటే జివ్వుమంటోందని, 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్ మీద నడుపుతున్నానని, రబ్బరు చెప్పులు వేసుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. దయచేసి ఇప్పుడే మిషన్ ఆపండి. ఒక చెయ్యి మిషన్ మీద, రెండోది ఇనుప షట్టరు మీద ఉంటే కరెంటు ఛాతీ మీదుగానే పోతుంది. చెప్పులు దాన్ని ఆపలేవు.

వరంగల్ కాశిబుగ్గ దగ్గర మాకు వడ్రంగి షెడ్డు ఉంది. ఒక వానాకాలం ఉదయం, మా దగ్గర పనిచేసే అబ్బాయి తడి కాళ్లతో వచ్చి రంపం మిషన్ బల్ల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెనక్కి రాలేదు. నేను పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపాను కాబట్టి బతికాడు. అరచేతిలో కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ సాయంత్రం ప్లగ్ విప్పాను. మూడు పిన్నులదే. కింది రెండు పిన్నుల దగ్గర రాగి నల్లబడి ఉంది. పైనున్న లావు పిన్ను స్క్రూ మాత్రం కొన్ననాటిలాగే మెరుస్తోంది. అది ఎర్త్ పిన్ను, అంటే బాడీకి లీకైన కరెంటును భూమిలోకి పంపే దారి. దానికి ఏనాడూ వైరు బిగించలేదు. ఎక్స్‌టెన్షన్‌కు వాడింది రెండు తీగల వైరు. గోడ సాకెట్‌లో ఎర్త్ ఉంది, మిషన్‌కు ఎర్త్ బోల్టు ఉంది, మధ్యలో దారే లేదు.

కాబట్టి ఆకుపచ్చ తీగ వెంట వెళ్లండి: మిషన్ బాడీ నుంచి ప్లగ్, సాకెట్, బోర్డు, చివరికి ఎర్త్ గుంత దాకా. బోల్టు కింద రంగు ఉంటే గీకేయండి. సాకెట్‌లో ఎర్త్‌ను న్యూట్రల్‌తో (కరెంటు తిరిగి వెళ్లే తీగతో) కలిపేసి ‘పని అయిపోయింది’ అనే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, దానికి ఒప్పుకోకండి. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే మిషన్ బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి.

మన ఎండాకాలంలో గుంత ఎండిపోతుంది, నీళ్లు పోస్తూ ఉండాలి. అయినా గుంత ఒక్కదాన్నే నమ్మవద్దు. గుంత నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకోండి, లోపం వచ్చినప్పుడు పారేది 11 ఆంపియర్ల పైచిలుకే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్) దానికి పడదు, బాడీలో కరెంటు అలాగే నిలుస్తుంది. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కాస్త కరెంటు లీకైనా వెంటనే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి లైను కలపడం ప్రాణంతో చెలగాటం. అది పడిపోతోందంటే ఎక్కడో లీకేజీ ఉంది. మా షెడ్డులో అది మోటారు కనెక్షన్ డబ్బాలో పేరుకున్న తడి పొట్టు వల్ల వచ్చింది.

మీ ఎక్స్‌టెన్షన్‌కూ ఆ షాక్‌కూ సంబంధం ఉండవచ్చు. 2 హెచ్.పి. సింగిల్ ఫేజ్ మోటారు దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఐదారు రెట్లు. 1 చదరపు మిల్లీమీటరు వైరు 20 మీటర్లు ఉంటే ఆ క్షణంలో 40 వోల్టుల దాకా దారిలోనే పోతాయి. మోటారు మూలుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది, ఇన్సులేషన్ మాడుతుంది. మాడిన చోటి నుంచే కరెంటు బాడీకి దిగుతుంది. కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్ వాడండి. చుట్టగా ఉంచితే వేడి బయటికి పోదు, పూర్తిగా విప్పి పరచండి. టేపు చుట్టిన అతుకులు వద్దు. నేనైతే ఆ తరువాత బోర్డు నుంచి మిషన్ దాకా పైపులో లైను లాగించుకున్నాను.

ఇవాళ ప్లగ్‌ను సాకెట్ నుంచి పీకి, విప్పి, ఆ లావు పిన్ను చూడండి. ఏం కనిపించిందో ఇక్కడ రాయండి, తరువాతి పని చెబుతాను.