టిన్‌టిన్ విలన్ ఎందుకు మారాడు?

ప్ర: ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మా అబ్బాయికి కుర్ర విలేకరి టిన్‌టిన్ సాహసాల కామిక్ పాత పుస్తకం 'ది సీక్రెట్ ఆఫ్ ది యూనికార్న్' కొన్నాం. సినిమా ఎప్పుడో చూసేశాడు. ఇప్పుడేమో 'సినిమావాళ్లు కథ మార్చేశారు, పుస్తకంలో సఖరిన్ విలనే కాదు' అని ఒకటే గొడవ. ఎందుకు మార్చారండీ?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జ: మీవాడు చెప్పింది కరెక్టేనమ్మా. పుస్తకంలో సఖరిన్ ఓడ బొమ్మలు పోగుచేసుకునే పెద్దమనిషి, అంతే. అసలు దొంగలు బర్డ్ సోదరులు. 2011లో స్పీల్‌బర్గ్ తీసిన సినిమాలో వాళ్లని పక్కనపెట్టి, సఖరిన్‌ని సముద్రపు దొంగ రెడ్ రాకమ్ వారసుడిని చేసేసి, ఎప్పుడో టిన్‌టిన్ స్నేహితుడు కెప్టెన్ హాడాక్ పూర్వీకుడితో ఆ దొంగకున్న పగని ఇప్పటిదాకా లాక్కొచ్చారు. తరాల పగలు మనకి కొత్తా, హాయిగా చూసేశాం!

ఇంకో సంగతి, సినిమా ఒక్క పుస్తకం కథ కాదు. టిన్‌టిన్, హాడాక్ మొదటిసారి కలిసేది 'ది క్రాబ్ విత్ ది గోల్డెన్ క్లాజ్'లో. కొత్తగా చూసేవాళ్లకి ఆ తాగుబోతు కెప్టెన్ ఎవరో తెలియాలి కదా, అందుకే అది కూడా కలిపారు. మూడోది 'రెడ్ రాకమ్స్ ట్రెజర్'. సొరచేప ఆకారపు జలాంతర్గామితో ప్రొఫెసర్ కాల్క్యులస్ మొదటిసారి వచ్చేది అందులోనే, సినిమాలో మాత్రం ఆయన జాడే లేదు. విలన్ని మార్చినా సర్దుకుపోతాను గానీ ఇది మాత్రం నాకు నచ్చలేదు. మీవాడికి తర్వాత ఆ పుస్తకమే కొనిపెట్టండి, నిధి కథ పూర్తయ్యేది అక్కడే. సినిమా మళ్లీ పెడితే మొదట్లో బజారు సీన్ చూడమనండి: టిన్‌టిన్ బొమ్మ గీసే చిత్రకారుడు అచ్చం టిన్‌టిన్‌ని సృష్టించిన ఎర్జేలా ఉంటాడు, ఆయన చేతిలోని కాగితం మీద ఉన్నది కామిక్‌లోని మొహమే.

ప్ర: టిన్‌టిన్ సినిమాలో ఉన్నది మనుషులా, బొమ్మలా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జ: రెండూ. జేమీ బెల్, ఆండీ సర్కిస్ లాంటివాళ్లు నిజంగానే నటిస్తే, ఆ కదలికల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, వాటి మీద న్యూజీలాండ్‌లోని వేటా డిజిటల్ వాళ్లు బొమ్మల మొహాలు, ఒళ్లు కట్టారు. అసలు కెమెరా అడ్డం లేదు కాబట్టే బగ్గార్ ఊళ్లో ఆ వెంటాడే సీన్ ఎక్కడా కట్ లేకుండా కొండ మీంచి రేవుదాకా ఒకే షాట్‌లా జారుకుంటూ వస్తుంది. కుక్క స్నోయీని మాత్రం యానిమేటర్లే కదిలించారు.

ప్ర: రెండో భాగం ఎప్పుడు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జ: నిర్మాత పీటర్ జాక్సన్ తీస్తాడన్నారు. ఇప్పటిదాకా రాలేదు.