ఆ తామర మాత్ర సంగతి డాక్టరుకు చెప్పారా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. సీఎల్‌ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది, 17పి డిలీషన్ కూడా ఉందట. వచ్చే సోమవారం వెనెటోక్లాక్స్ మాత్రలు మొదలుపెడతామన్నారు. క్యాన్సర్ కణాలు తమంతట తామే చనిపోయేలా ఈ మందు చేస్తుందని చదివాను. అదెలా? పసుపు క్యాప్సూల్స్ కూడా అదే పని చేస్తాయంటున్నారు, కలిపి వాడొచ్చా? ఆయనకు షుగర్, బీపీ లేవు. తామరకు మాత్రం మెడికల్ షాపులో ఇచ్చిన ఇట్రాకొనజోల్ మూడు వారాలుగా వేసుకుంటున్నారు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చివర్లో మామూలుగా రాసేసిన వాక్యం దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. ఆ తామర మాత్ర సంగతి మీ హెమటాలజిస్టుకు తెలుసా? తెలియకపోతే సోమవారం దాకా ఆగకండి, ఈ రోజే ఫోన్ చేయండి.

వెనెటోక్లాక్స్‌ను లివర్‌లోని సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. ఇట్రాకొనజోల్ ఆ ఎంజైమ్‌ను గట్టిగా అణిచేస్తుంది. అప్పుడు చిన్న మాత్ర వేసుకున్నా ఒంట్లో మందు రెట్టింపులకు రెట్టింపులు పేరుకుంటుంది. సీఎల్‌ఎల్‌లో డోసు పెంచే వారాల్లో ఈ రెండూ కలపనే కూడదు.

పాడైన కణం తనను తాను కూల్చుకునే ఏర్పాటు మన ఒంట్లో ఉంది. 1972లో కెర్, వైలీ, క్యూరీ దానికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. ఆకులు రాలడాన్ని చెప్పే గ్రీకు మాట అది. బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరకు చిల్లులు పెడతాయి. అందులోంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికొచ్చి కాస్పేజ్ ఎంజైములను లేపుతుంది. అవి కణాన్ని లోపలి నుంచే కత్తిరించేస్తాయి. సీఎల్‌ఎల్ కణాల్లో బీసీఎల్-2 ప్రోటీన్ ఎక్కువగా ఉండి, ఈ పని మొదలుపెట్టాల్సిన బిమ్ లాంటి ప్రోటీన్లను పట్టి ఉంచుతుంది. వెనెటోక్లాక్స్ వచ్చి బీసీఎల్-2కి అతుక్కుంటే బిమ్ చేయి విడిపించుకుంటుంది. 17పి డిలీషన్ అంటే 17వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క ఊడిపోవడం. అందులో పోయేది పాడైన కణాన్ని చావు వైపు నెట్టే పీ53 జన్యువు. చాలా కీమో మందులు దాని మీదే ఆధారపడతాయి, ఇది దాని తర్వాతి మెట్టులో పనిచేస్తుంది. ఈ మందు ఎంచుకున్నది బహుశా అందుకే. రిపోర్టులు చూడకుండా అంతకు మించి చెప్పలేను.

చిక్కల్లా ఇది మరీ జోరుగా పనిచేయడంతోనే. కోట్ల కణాలు ఒక్కసారే చస్తే వాటిలోని పొటాషియం, ఫాస్ఫరస్ రక్తంలోకి వచ్చిపడతాయి, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. కిడ్నీలు చేతులెత్తేస్తాయి, గుండె లయ తప్పొచ్చు. ట్యూమర్ లైసిస్ అంటాం. అందుకే మొదటి వారం రోజుకు 20 మిల్లీగ్రాములు, తర్వాత వారం వారం రోజువారీ డోసు పెంచుతూ 50, 100, 200, ఐదో వారానికి 400. ముందు నుంచే యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర, రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు, మొదటి డోసులప్పుడు 6-8 గంటలకు, మళ్లీ 24 గంటలకు రక్తపరీక్ష. "ఇన్నిసార్లు సూదులెందుకు" అని మానేయించకండి. నీళ్లంటే నీళ్లే. కొబ్బరి బోండాంలో పొటాషియం ఎక్కువ, అడగకుండా తాగించొద్దు.

కూరలో పసుపుకు అడ్డు లేదు. క్యాప్సూల్ వద్దు. ల్యాబ్‌లో పసుపులోని కర్క్యుమిన్ క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే కానీ, మింగితే రక్తంలోకి చేరేది బహు తక్కువ. చేరడం కోసమని చాలావాటిలో మిరియాల సారం కలుపుతారు, అదీ ఆ ఎంజైమ్ జోలికే పోతుంది. గ్రేప్‌ఫ్రూట్ ఈ మందుతో పనికిరాదు. దాని దగ్గరి చుట్టం మన పంపర పనస, దాన్నీ పక్కన పెట్టండి.

చర్మ డాక్టరుకు చూపించకుండా మూడు వారాలు షాపు మాత్రేమిటండీ! రేపు దగ్గొస్తే అదే షాపులో క్లారిత్రోమైసిన్ ఇస్తారు, మోకాలు నొప్పంటే డైక్లోఫెనాక్ ఇస్తారు. మొదటిది ఇట్రాకొనజోల్ బాపతే, రెండోది కిడ్నీల మీద పడుతుంది. జ్వరమొస్తే షాపుకు కాదు, నేరుగా ఆస్పత్రికి.

ఇట్రాకొనజోల్ ఆపినా దాని ప్రభావం వారం, రెండు వారాలు ఉండొచ్చు. సోమవారం మొదలుపెట్టాలా, వాయిదా వేయాలా అన్నది మీ డాక్టరు చెప్పాలి. ఆ స్ట్రిప్పు పారేయకండి. చివరి మాత్ర ఏ తారీఖున వేసుకున్నారో దాని మీద రాసి పట్టుకెళ్లండి.