జన్యువు నోరు మూయిస్తే అనువాదం ఆగినట్టేనా?

సందేహం: “ఆర్‌ఎన్‌ఏ జోక్యం వల్ల జన్యు నిశ్శబ్దీకరణ జరిగి ప్రొటీన్ల అనువాదం ఆగిపోతుంది” అని ఒక వ్యాసంలో చదివాను. జోక్యమా, వ్యతికరణమా? నిశ్శబ్దీకరణ సరైన మాటేనా? కణంలో అనువాదం ఏమిటి?

సమాధానం: మొదటిది తేలిక. ఇంగ్లిష్ ‘ఇంటర్‌ఫియరెన్స్’కు రెండు మాటలూ ఉన్నా, వ్యతికరణం తరంగాలకు సంబంధించిన మాట. ఇక్కడ ఒక ఆర్‌ఎన్‌ఏ మరో ఆర్‌ఎన్‌ఏ పనికి అడ్డు తగులుతోంది. జోక్యమే మేలు.

నిశ్శబ్దీకరణ నిర్దుష్టమైన మాట. లేని స్థితి కొత్తగా వచ్చిందని చెప్పే సంస్కృత ‘చ్వి’ ప్రత్యయం వల్ల ‘నిశ్శబ్ద’ కాస్తా ‘నిశ్శబ్దీ’ అయింది. దానికి భవనం చేరితే తనంతట తాను అవడం, కరణం చేరితే మరొకరు చేయడం. నీరు గడ్డకట్టడాన్ని ఘనీభవనం అంటాం. ఇక్కడ జన్యువు నోరు మరొకటి మూయిస్తోంది కాబట్టి కరణమే తగును.

అనువాదం కూడా చక్కగా కుదిరిన మాట. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవడం దాదాపు అదే అక్షరాలతో నకలు తీయడం. అందుకే దాన్ని అనులేఖనం అన్నారు. ఆర్‌ఎన్‌ఏలో ఉన్న నాలుగక్షరాల రాతను రైబోజోమ్ అనే ప్రొటీన్ల కర్మాగారం మూడేసి అక్షరాల చొప్పున చదివి, ప్రొటీన్లకు ఇటుకల్లాంటి 20 అమైనో ఆమ్లాల భాషలోకి మారుస్తుంది. నిజంగానే భాష మారింది!

నా అభ్యంతరమల్లా ‘ఆగిపోతుంది’ అన్న క్రియ మీదే. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగులో చూపించి, 2006లో నోబెల్ అందుకున్న విషయం ఇది: జంట పోగుల ఆర్‌ఎన్‌ఏను లోపలికి పంపితే దానికి సరిపోలే జన్యువు మూగబోతుంది. ఆ జంట పోగులు సుమారు 21 నుంచి 23 అక్షరాల ముక్కలవుతాయి. ఒక్కో ముక్క ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌లో కూర్చుని, తనతో పూర్తిగా జతకుదిరే సందేశాన్ని, అంటే ఎంఆర్‌ఎన్‌ఏను, తెగ్గొట్టిస్తుంది. జన్యువు మాట్లాడుతూనే ఉండవచ్చు, మాట మాత్రం చేరదు. మూలప్రతినే చింపేశాక అనువాదం ‘ఆగింది’ అనం, ‘జరగలేదు’ అంటాం.

కణం తానే తయారుచేసుకునే చిట్టి ఆర్‌ఎన్‌ఏలైన మైక్రో ఆర్‌ఎన్‌ఏల సంగతి వేరు. జంతుకణాల్లో అవి సందేశంతో సగం సగమే జతకుదురుతాయి. రైబోజోమ్‌ను పని మొదలుపెట్టనివ్వవు. సందేశం తోకను కురచ చేయించి, అది త్వరగా నశించేలా కూడా చేస్తాయి. ప్రొటీన్ పూర్తిగా పోదు, తగ్గుతుంది. అక్కడ ‘అనువాదం అణగింది’ అనాలి.

ఇంకొకటి. ‘ప్రొటీన్ల అనువాదం’ తప్పు. అనువదించేది సందేశాన్ని, వచ్చేది ప్రొటీన్. మీరు చదివిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “ఆర్‌ఎన్‌ఏ జోక్యం వల్ల సందేశం తెగిపోయి, ప్రొటీన్‌గా అనువాదం కాలేదు.”