భవానీ ద్వీపానికి పోయే ముందు

తిరుపతి

అమ్మణ్ణీ,

పిల్లోళ్ళిద్దర్నీ, మీ అత్తమ్మనూ తీసుకుని నువ్వొక్కదానివే విజయవాడ పోతా ఉండావని మీ నాయన చెప్పినాడు. భలే సంతోషమైంది. చీకటి పడితే గడప దాటని పిల్ల ఇంతమందిని వెంటబెట్టుకుని పోతా ఉండాది! కానీ కృష్ణ ఒడ్డుకు, ఏటి మధ్యలో ఉండే భవానీ ద్వీపానికి అనగానే గుండె దడదడలాడింది. అందుకే ఈ ఉత్తరం.

రైలు సంగతి తేలిక. తిరుమలో, కృష్ణానో చూసుకో. నారాయణాద్రి ఎక్కొద్దు, అది గుంటూరు మీదుగా సికింద్రాబాదు పోతుంది, విజయవాడ తగలదు.

దసరా రోజులు, కార్తీక ఆదివారాలు వదిలెయ్యి. వనభోజనాల జనంతో రేవు నిండిపోతుంది. వానాకాలమూ వద్దు. ఎగువన సాగర్, పులిచింతల నుంచి వరద వదిలితే బోట్లు ఆపేస్తారు. సంక్రాంతి దాటినాక, ఫిబ్రవరి లోపల పో. దారిలో తినే పెరుగన్నానికి తెల్లారుజామున అన్నంలో పాలు పోసి, ఒక్క చెంచా పెరుగుతో కలుపు, మధ్యాహ్నానికి పులవదు.

ఇప్పుడు అసలు మాట. మనవైపు వాళ్ళు అక్కడ చేసే తప్పొకటుంది. మనకు ఏరంటే ఇసక. నువ్వు చిన్నప్పుడు తిరుచానూరు కాడ స్వర్ణముఖిలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను దోసిట్లో పట్టుకుని మాకు చూపిస్తా ఉంటివి. నీ పిల్లలకు చిత్తూరులో నీవా ఏరూ అంతే. మనకు వరదంటే 2021 నవంబరులో మాదిరి ఎర్రగా, హోరుమంటా వచ్చేది. దాని గొంతు వింటేనే దూరం జరుగుతాం. కృష్ణ అట్లా కాదు. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ 70 గేట్లు దించి, డెల్టా కాలవల కోసం నీళ్ళు నిలబెడతారు. బ్యారేజీ కాడ మట్టం 12 అడుగులు. అంటే మనిషి మీద మనిషి నిలబడినా మునిగే లోతు. పైకి మాత్రం అది చెరువు మాదిరి చప్పుడు లేకుండా ఉంటుంది. ‘మోకాటి లోతేలే’ అని మనోళ్ళు బిడ్డ చెయ్యి వదిలేది అక్కడే. ఘాట్‌లో నీళ్ళలో మునిగిన మెట్టుకు పాచి పట్టి ఉంటుంది. కాలు జారితే కింది మెట్టు ఆపదు, దానికీ పాచే. చివరి మెట్టు దాటితే కాలికి నేల తగలదు. అందుకే తడి మెట్టు మీద పిల్లోళ్ళ కాలు పడనీయొద్దు. కాళ్ళు కడుక్కోవాలంటే చెంబుతో నీళ్ళు పైకి తెచ్చి కడుగు. ‘ఒక్క నిమిషమే పెదనాయనా’ అంటావు. ఆ ఒక్క నిమిషమే వద్దంటా ఉండా!

పున్నమి ఘాట్ కాడ టూరిజం వాళ్ళ బోటుకే టికెట్టు తీసుకో. వేరే ఎవరైనా తక్కువకు తీసుకుపోతామని పిలిస్తే పలకనే పలకొద్దు. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారమే, ద్వీపం వైపు నుంచి, గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసే పవిత్ర సంగమానికి పోతున్న పడవ బోల్తా పడి ఇరవైమందికి పైగా పోయినారు. అనుమతి లేని పడవ, పట్టేదానికంటే ఎక్కువ జనం.

బోటులో పిల్లోళ్ళకు లైఫ్ జాకెట్టు వేసినాక క్లిప్పులన్నీ పెట్టి, భుజాల కాడ పట్టుకుని పైకి లాగు. చెవుల దాకా లేచిందంటే అది బిడ్డకు పెద్దది. నీళ్ళలో పడితే జాకెట్టు తేలుతుంది, బిడ్డ కిందికి జారిపోతుంది. చిన్న సైజు అడుగు. లేదంటే ఆ బోటు పోనీ, తరువాతది ఎక్కు. దుర్గమ్మ కొండ కనపడగానే అందరూ ఫొటోకని ఒక పక్కకే లేస్తారు, బోటు ఆ పక్కకు ఒరుగుతుంది. మీరు లేవొద్దు. మీ అత్తమ్మకు మోకాళ్ళు నొప్పి కదా, ముందు నువ్వు ఎక్కి ఆమెకు చెయ్యి అందించు, సంచి తరువాత.

ద్వీపం 130 ఎకరాల పైమాటే, చెట్ల నీడ ఉంది, పిల్లోళ్ళను ఆడనీ. నీ ఫోను నంబరు వాళ్ళ చేతి మీద బాల్‌పెన్నుతో రాయి. తప్పిపోతే బోటు దిగిన రేవు కాడికే రమ్మని ముందే చెప్పు. ఆఖరి బోటు ఎప్పుడో దిగంగానే అడుగు, దానికి ముందుదానికే తిరిగి రా.

ఇవతలి ఒడ్డున దిగినాక ఫోను చెయ్యి. ఎక్కేముందు చెయ్యొద్దు, అప్పుడు నీ రెండు చేతుల్లో వాళ్ళ చేతులుండాలి. నేను ఫోను కాడనే కూర్చోనుంటా.

మీ పెదనాయన