కావలి తమ్ముడి బీఫ్ శాండ్‌విచ్ గురించి

తమ్ముడూ, మాంసాన్ని పోగులుగా విడదీసి బన్నులో పెట్టే బీఫ్ శాండ్‌విచ్ కోసం స్లో కుక్కర్లో (సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) నాలుగు గంటలు "హై" (ఎక్కువ వేడి) మీద పెట్టినా ముక్క సాగుతోందని, సాస్ నీళ్లగా ఉండి బన్ను నానిపోయిందని రాశావు. మాంసం పాడవలేదు, ఇంకా ఉడకలేదు, అంతే.

అమెరికాలో దీనికి చక్ అనే భుజం కండ వాడతారు. మన కావలి, ఒంగోలు వైపు దొరికేది ఎక్కువగా గేదె మాంసం, కొవ్వు తక్కువ. కూరముక్కలు కొట్టించకుండా జబ్బ కండ కిలో ఒకే ముక్కగా అడుగు. మధ్యలో ఉండే తెల్లటి పొరలు తీయనివ్వొద్దు. అవి కరిగి జిగురైతేనే మాంసం పోగులుగా విడుతుంది. అందుకు ముక్క లోపలి వేడి 90 డిగ్రీలు దాటి కాసేపు నిలవాలి. "లో" (తక్కువ వేడి) మీద 8 నుంచి 10 గంటలు పెట్టు, మాటిమాటికీ మూత తియ్యకు. ఫోర్కు గుచ్చి తిప్పితే పోగులు ఊడి రావాలి, అప్పుడే అయినట్టు.

మధ్యలో కరెంటు పోయి రాకపోతే, చల్లారేదాకా చూడకుండా ప్రెషర్ కుక్కర్లోకి మార్చెయ్. గోరువెచ్చగా గంటల తరబడి వదిలేసిన మాంసం తినకూడదు.

నీళ్లు అరకప్పు చాలు, ఆవిరి బయటికి పోదు కదా. దిగిన రసాన్ని బాణలిలో పోసి టమాటా కెచప్, వెనిగర్, బెల్లం, ఆవపొడి, కారం వేసి గరిటెకు అంటుకునేదాకా మరిగించి, విడదీసిన మాంసంలో కలుపు. మన గుంటూరు కారమైతే చూసి వెయ్యి. బన్ను కోసిన వైపు వెన్న రాసి పెనం మీద ఎర్రగా కాల్చి, తినేముందే మాంసం పెట్టు. ఇక నానదు.