నాడిలో నాడి

సందేహం: గాజుపెంకు కోసుకుని మా అన్నయ్య చేతిలో నరం తెగింది. రెండు కొసలూ అందకపోవడంతో మధ్యలో కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన గొట్టం పెట్టి కుట్టారు. ఇలాంటిదాన్నే ఒక పత్రిక ‘బయో ఇంజినీరింగ్ చేయబడిన నాడీ వాహిక’ అంది, ఇంకొకటి ‘నాడీ నాళిక’ అంది. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ముందు ఆ ‘చేయబడిన’ను తీసి అవతల పారేయండమ్మా. ‘అన్నం వండబడింది, రండి’ అని మీ ఇంట్లో ఎవరైనా పిలుస్తారా? ‘వాహిక’ కూడా పొసగదు. వాహిక అంటే మోసేది. ఈ గొట్టం దేన్నీ మోయదు. నరం తెగితే అవతలి ముక్కలో తంతువులు చచ్చిపోతాయి. ఇవతలి కొస నుంచి కొత్తవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పాకుతాయి. అవి దారి తప్పకుండా, గాయం మానేటప్పుడు పెరిగే మచ్చ అడ్డురాకుండా గొట్టం కాపు కాస్తుంది, ఆ తర్వాత మెల్లగా ఒంట్లో కలిసిపోతుంది. ఖాళీ 3 సెంటీమీటర్లు దాటితే మాత్రం సాధారణంగా మనిషి కాలి నుంచే నరం ముక్క తీసి అతుకుతారు.

ఇక నాడి. సంస్కృతంలో నడం అంటే రెల్లు. దానికి చుట్టమైన నాడి అంటే లోపల బోలుగా ఉన్న కాడ. డకార ళకారాలు ఒకదాని చోట ఒకటి రావడం మామూలే కాబట్టి నాడి, నాళం, నాళిక ఒక తల్లి పిల్లలే. అంటే ‘నాడీ నాళిక’ గొట్టపు గొట్టం! గమ్మత్తేమిటంటే నరం బోలు కాదు, తంతువుల కట్ట. దానికి నాడి అని పేరు పెట్టేసి, అసలు బోలుదానికి ఇప్పుడు పేరు వెతుక్కుంటున్నాం.

వ్యాసభాగవతం తృతీయస్కంధంలో బ్రహ్మ, తాను కూర్చున్న తామర ఎక్కడ పుట్టిందో చూద్దామని కాడలోంచి నీళ్లలోకి దిగుతాడు. అక్కడి మాట ‘అబ్జనాళనాడీభిః’. నాళం కాడ, నాడులు అందులోని సన్నని దారులు. తామరతూడును అడ్డంగా కోసి చూడండి, ఒక రంధ్రం కాదు, ఎన్నో. ప్రయోగశాలల్లో ఈమధ్య నరం గొట్టాలనూ ఒక్క బోలుతో కాక లోపల సన్నని దారులెన్నో పెట్టి చేసి చూస్తున్నారు. వ్యాసుడికి ముందే తెలుసని నేననను, అలాంటి గొప్పలు నాకు గిట్టవు. మాట మాత్రం అక్కడ సిద్ధంగా ఉంది.

నాడికి గడియ అనీ అర్థముంది, 24 నిమిషాలు. మానకుండా గొట్టంలా లోపలికి పోయే పుండు నాడీవ్రణం. మణికట్టు దగ్గర పట్టి చూసేది అందరికీ తెలిసిందే.

నరం మన మాట. తమిళులకు నరంబు, కన్నడిగులకు నర. ‘నరానికి సూది వేశారు’ అన్నప్పుడు అది రక్తనాళం కూడా అవుతుంది, ఆ చిక్కు ఎలాగూ ఉంది.

నన్నడిగితే ‘నరపుతూడు’ అంటాను. తూడు హంసలు తినేది కదా అని నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి. ‘నరం గొట్టం’ అన్నా తప్పు పట్టను, ‘నాళిక’ ఒక్కటే అన్నా ఊరుకుంటాను. బ్రహ్మకు ఎంత వెతికినా ఆ కాడ మొదలు దొరకలేదు. మీ అన్నయ్య నరానికి అవతలి కొస త్వరగా దొరకాలి.